కార్ల్ పెర్కిన్స్: అపోహలు – వాస్తవాలు

'బ్లూ స్వేడ్ షూస్' అనగానే అందరికీ ఎల్విస్ ప్రెస్లీయే గుర్తొస్తాడు. ఆ పాట రాసి, అందరికంటే ముందు పాడిన కార్ల్ పెర్కిన్స్ గురించి మాత్రం సగం సగం కథలే ప్రచారంలో ఉన్నాయి.

అపోహ: పెర్కిన్స్ ఆసుపత్రిలో ఉండగా ఎల్విస్ ఆ పాటను ఎగరేసుకుపోయాడు.

వాస్తవం: డాన్సు చేస్తూ ఓ కుర్రాడు తన బూట్లు తొక్కొద్దని జోడీగా ఉన్న అమ్మాయిని కసరడం పెర్కిన్స్ కంటపడింది. ఆ రాత్రి నిద్ర లేచి, రాసుకోవడానికి కాగితం దొరక్క, బంగాళాదుంపల సంచి మీదే పాట రాసేశాడు. 1955 డిసెంబరులో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్‌లో రికార్డు చేశాడు. 1956 మార్చి 22న టీవీ కార్యక్రమం కోసం న్యూయార్క్ వెళ్తుంటే డెలావేర్‌లో పెర్కిన్స్ బృందం కారు ట్రక్కును ఢీకొంది. పెర్కిన్స్ తీవ్రంగా గాయపడ్డాడు, అన్న జే మెడ ఎముక విరిగింది, ట్రక్కు డ్రైవర్ చనిపోయాడు. కానీ ఎల్విస్ ఈ పాటను రికార్డు చేసింది జనవరి 30న. టీవీలో పాడింది ఫిబ్రవరిలో. అంటే రెండూ ప్రమాదానికి ముందే! పైగా అమెరికా పాప్ జాబితాలో పెర్కిన్స్ రికార్డు 2వ స్థానం దాకా ఎక్కితే, ఎల్విస్‌ది 20 దగ్గరే ఆగింది. ఎల్విస్ వాద్యబృందం ఆసుపత్రికి వెళ్లి పెర్కిన్స్‌ను పరామర్శించింది కూడా. ఇందులో దొంగతనం ఎక్కడుంది?

అపోహ: పెర్కిన్స్ పాడిన రాకబిల్లీ శైలి అంటే తెల్లవాళ్ల కంట్రీ పాటకు వేగం పెంచడమే.

వాస్తవం: టెనసీ పత్తి చేలల్లో కూలి చేస్తూ పెరిగిన పెర్కిన్స్‌కు గిటార్ నేర్పింది జాన్ వెస్ట్‌బ్రూక్ అనే నల్లజాతి వృద్ధుడు, తోటి కూలీ. తీగ తెగితే కొత్తది కొనే స్తోమత ఉండేది కాదు, ముడి వేసుకునేవాడు. ముడి మీద వేలు జారిస్తే కోసుకుపోయేది. అందుకే తీగను పక్కకు వంచి స్వరం పలికించడం అలవాటైందని ఆయనే చెప్పుకున్నాడు. నల్లజాతి వాళ్ల బ్లూస్ సంగీతం లేకపోతే ఆ గిటార్ లేదు.

అపోహ: ప్రమాదంతో ఆయన పనైపోయింది.

వాస్తవం: అంత పెద్ద హిట్ మళ్లీ రాలేదన్నది నిజమే. 1958లో జే కన్నుమూశాడు, పెర్కిన్స్ తాగుడులో పడ్డాడు. అయినా కలం ఆగలేదు. ఆయన పాటలు మూడింటిని 1964లో బీటిల్స్ రికార్డు చేశారు. ఆ బృందంలోని జార్జ్ హారిసన్ అయితే పెర్కిన్స్ మీది అభిమానంతో 1960లోనే స్కాట్లాండ్ పర్యటనలో 'కార్ల్ హారిసన్' అని పేరు పెట్టుకున్నాడు. జానీ క్యాష్ పాడగా కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరిన 'డాడీ శాంగ్ బేస్' రాసింది కూడా పెర్కిన్సే.