ఆగకుండా అమెరికా చేర్చిన విమానం

బోయింగ్ 777-200ఎల్‌ఆర్ పేరు చివరి రెండక్షరాలు దాని పనేమిటో చెబుతాయి: ఎక్కడా దిగకుండా ఎక్కువ దూరం ఎగరడం. 777 జాతి తొలి విమానం 1994 జూన్ 12న గాలిలోకి లేచింది. దూరాల కోసం మలచిన ఎల్‌ఆర్ 2005 మార్చి 8న తొలిసారి ఎగిరింది. ఆ నవంబరులోనే హాంకాంగ్ నుంచి తూర్పుగా బయల్దేరి, పసిఫిక్ మహాసముద్రం దాటి లండన్‌లో దిగింది. ఒకే పరుగులో 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు.

ఆ శక్తికి మూలం ఇంధనం. ట్యాంకుల్లో 1,81,000 లీటర్లకు పైగా పడుతుంది. ఆ ఇంధనం బరువు సుమారు 145 టన్నులు. దాదాపు 347 టన్నులతో నేల వదిలే విమానంలో ఐదింట రెండు వంతులు ఇంధనమే. దాన్ని లేపేవి రెండే రెండు జీఈ90 ఇంజన్లు. ఒక్కో ఫ్యాన్ అడ్డకొలత 3.25 మీటర్లు, ఒకరి భుజాలెక్కి ఒకరు నిలబడినా అందులో పట్టేస్తారు. రెక్కల కొసలు వెనక్కి వాలి సన్నబడతాయి. కొసల దగ్గర కింది గాలి పైకి మళ్లి సుడి తిరుగుతూ విమానాన్ని వెనక్కి లాగుతుంది. వాలు కొసలు ఆ లాగుడు తగ్గించి ఇంధనం మిగులుస్తాయి.

ఎయిరిండియా 2007లో అందుకున్న తొలి ఎల్‌ఆర్‌కు పెట్టిన పేరు ‘ఆంధ్రప్రదేశ్’. అదే ఏడాది ఆగస్టు 1న ముంబై, న్యూయార్క్‌ల మధ్య ఆగని సర్వీసు మొదలైంది.

ఇంత దూరపు ప్రయాణాల దారి ఎలా సాగుతుందో చూద్దాం. ఉయ్యూరు, గుడివాడ వాసులకు దగ్గరి విమానాశ్రయం గన్నవరం. అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారి, గోడకు తగిలించిన పటం మీద ఒకలా, గ్లోబు మీద మరోలా కనిపిస్తుంది. గ్లోబు మీద రెండు చోట్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది హిమాలయాలు, మంగోలియా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ వలయం దాటి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. అదే అతి దగ్గరి దారి, సుమారు 13,500 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున 15 గంటలు.

అయితే దగ్గరి దారే త్వరగా చేర్చాలని లేదు. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ గాలులు పడమటి నుంచి తూర్పుకు ఉధృతంగా వీస్తాయి. ఎయిరిండియా ఎల్‌ఆర్‌తో నడిపిన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట అట్లాంటిక్ మీదుగా ఎదురుగాలిలో 13,900 కిలోమీటర్లు వెళ్లేది. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా మళ్లించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా గాలి వెనక నుంచి నెట్టడంతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. ముందటి దారిలో పట్టే సమయం కంటే ఇది దాదాపు రెండు గంటలు తక్కువ.

2021 జనవరిలో ఎల్‌ఆర్‌కు మరో రెండు దారులు తెరుచుకున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నలుగురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. జనవరి 15న హైదరాబాద్–షికాగో సర్వీసు మొదలై, శంషాబాద్ నుంచి అమెరికాకు ఆగని ప్రయాణం తెలుగువారికి అందివచ్చింది.

ఎల్‌ఆర్‌లు అమ్ముడుపోయినవి మాత్రం కొద్దే. తన ఎనిమిదింట్లో ఐదింటిని ఎయిరిండియా ఎతిహాద్ విమానయాన సంస్థకు అమ్మింది. 2018 నుంచి సింగపూర్–న్యూయార్క్ మధ్య, సుమారు 15,300 కిలోమీటర్లు, ఇంధనం తక్కువ తాగే ఎయిర్‌బస్ ఏ350 తిరుగుతోంది. విమానాలు మారినా లెక్క మారలేదు: దూరాన్ని భూమి వంపు నిర్ణయిస్తే, ప్రయాణ సమయాన్ని గాలి నిర్ణయిస్తుంది.