తెర చూపే రంగు నిజమేనా? తక్కువ ఖర్చులో మానిటర్‌ను సరిచేసే సాధనాలు

పోచంపల్లి ఇక్కత్ చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారి ముందుగా చీరను ఫొటో తీసి, కంప్యూటర్‌లో రంగులు సరిచూసుకుంటారు. ఆ మానిటర్ కాస్త నీలం వైపు మొగ్గి ఉంటే చీర వెలిసినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి ఫొటోకు ఎరుపు, పసుపు కలుపుతారు. తీరా చీర అందాక, ఫొటోలో చూసిన మెరూన్ ఇది కాదంటూ కొన్నవారు తిప్పి పంపుతారు. పెళ్లి ఆల్బమ్‌లు వేయించే స్టూడియోకూ, శుభలేఖలు డిజైన్ చేసే డీటీపీ సెంటర్‌కూ ఇదే చిక్కు. కెమెరా బాగానే ఉంది, ప్రింటర్ బాగానే ఉంది. మధ్యలో ఉన్న తెరే అబద్ధం చెప్పింది. ఆ అబద్ధాన్ని పట్టుకునే చిన్న పరికరం కలరీమీటర్. దాన్ని ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు చూడాల్సింది మరొకటి ఉంది.

కన్ను ఎందుకు చాలదు?

మానిటర్‌ను కంటితో చూసి సరిచేస్తే సరిపోదా అన్న సందేహం సహజం. కానీ మన చూపు చుట్టూ ఉన్న వెలుతురుకు ఇట్టే అలవాటు పడిపోతుంది. మధ్యాహ్నం ఎండలోనూ, రాత్రి పసుపు బల్బు కిందా తెల్ల కాగితం తెల్లగానే అనిపిస్తుంది. నిజానికి ఆ రెండు వేళల్లో కాగితం నుంచి కంటికి చేరే కాంతి చాలా వేరు. నీలిగా ఉన్న తెర ముందు కాసేపు కూర్చుంటే ఆ నీలమే తెలుపుగా కనిపించడం మొదలవుతుంది. పక్కపక్కన పెట్టిన రెండు రంగుల్లో తేడా పట్టడంలో కన్ను దిట్ట. ఒక్క రంగును చూపి ఇది ఎంత అని కొలవమంటే మాత్రం దానికి చేతకాదు.

కొలతకు ఒక ప్రమాణం కావాలి. 1920ల చివర్లో ఇంగ్లండ్‌లో డేవిడ్ రైట్ 10 మందిపై, జాన్ గిల్డ్ 7 మందిపై రంగులను జతపరిచే ప్రయోగాలు చేశారు. ఆ 17 మంది చూపు ఆధారంగా అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ 1931లో ‘ప్రామాణిక పరిశీలకుడి’ని నిర్వచించింది. ఏ రంగునైనా మూడు అంకెల్లో చెప్పే వీలు అలా కలిగింది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణానికీ ఆ నిర్వచనమే పునాది. ఇంటర్నెట్‌లో కనిపించే బొమ్మల్లో ఎక్కువ భాగం నేటికీ ఈ ప్రమాణాన్నే అనుసరిస్తాయి.

పరికరం చేసే పని

కలరీమీటర్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి తెరకు ఆనించి ఉంచుతారు. సాఫ్ట్‌వేర్ ఒకదాని తరువాత ఒకటిగా రంగు చతురస్రాలను చూపుతుంది. పరికరం ఒక్కో దాన్ని కొలిచి, అడిగిన రంగుకూ వచ్చిన రంగుకూ ఉన్న తేడాను లెక్కిస్తుంది. ఇక్కడ రెండు పనులు జరుగుతాయి. మొదటిది క్యాలిబ్రేషన్. అంటే తెర వెలుగును, తెలుపును, నలుపు నుంచి తెలుపు దాకా ఉండే మెట్లను నిర్ణీత స్థాయికి తేవడం. రెండోది ప్రొఫైలింగ్. సరిచేశాక కూడా ఆ తెర ఏ రంగును ఎలా చూపుతుందో ఒక ఫైలులో రాసిపెట్టడం. ఫొటో సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును చదివి, మిగిలిన తేడాలను తానే సర్దుకుంటుంది.

రెండు రకాలు

రంగును కొలిచే పరికరాలు ప్రధానంగా రెండు రకాలు. స్పెక్ట్రోఫోటోమీటర్ కాంతిని ఇంద్రధనుస్సులా విడగొట్టి, ఒక్కో తరంగదైర్ఘ్యం వద్ద ఎంత కాంతి ఉందో కొలుస్తుంది. కాగితంపై అచ్చయిన రంగునూ కొలిచే నమూనాలున్నాయి. అయితే ఖరీదు ఎక్కువ. ముదురు రంగుల దగ్గర దీని కొలత అంత నిలకడగా ఉండదు.

కలరీమీటర్ పద్ధతి సరళం. కంటి స్పందనను అనుకరించే కొన్ని రంగు ఫిల్టర్లు, వాటి వెనుక కాంతి సెన్సర్లు, అంతే. అందుకే చవక. చీకటి రంగులను కూడా బాగా కొలుస్తుంది. ఇల్లు, స్టూడియో అవసరాలకు ఇదే తగినది.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఫిల్టర్లు కంటిని అచ్చంగా అనుకరించలేవు. ఆ పొరపాటు ఎంత అనేది తెర వెనుక ఉన్న దీపాన్ని బట్టి మారుతుంది. పాత ఎల్‌సీడీ మానిటర్లలో ఉండే సన్నని ఫ్లోరసెంట్ గొట్టాల కాంతిలో సూదుల్లాంటి శిఖరాలుంటాయి. నేటి చాలా మానిటర్లలో నీలి ఎల్‌ఈడీపై పసుపు ఫాస్ఫర్ పూసి తెల్లటి కాంతి పుట్టిస్తారు. ఓఎల్‌ఈడీ తీరు ఇంకొకటి. ఈ మూడూ కంటికి ఒకే తెలుపుగా కనిపించవచ్చు. వాటిలోని మిశ్రమాలు మాత్రం వేరు. ఫ్లోరసెంట్ తెరల కోసం తీర్చిన పరికరాన్ని ఎల్‌ఈడీ తెరపై పెడితే తప్పు కొలతను కూడా అది ధీమాగా చూపిస్తుంది. పరికరం ధర కన్నా ముందు చూడాల్సింది ఇదే: మన తెరలోని దీపం రకానికి తగిన దిద్దుబాటు అందులో ఉందా?

డబ్బు దేనికి పెట్టాలి?

ఎక్కువ ధర అంటే ఎప్పుడూ మెరుగైన కొలత కాదు. డేటాకలర్ సంస్థ స్పైడర్‌ఎక్స్ ప్రో, ఎలీట్ అనే రెండు నమూనాలను వేర్వేరు ధరలకు తెచ్చింది. రెండింటిలో కొలిచే భాగం ఒకటే, తేడా అంతా సాఫ్ట్‌వేర్‌లో. ఎక్స్‌రైట్ సంస్థ కలర్‌మంకీ డిస్‌ప్లే కూడా అదే సంస్థ ఖరీదైన ఐ1డిస్‌ప్లే ప్రోకు దగ్గరి చుట్టమే. కాకపోతే కొలత నెమ్మదిగా సాగుతుంది. పది నిమిషాలు ఓపిక పట్టగలవారికి అది లోపమే కాదు.

సాఫ్ట్‌వేర్ కోసం అదనంగా చెల్లించాల్సిన పని కూడా లేదు. గ్రేమ్ గిల్ రాసిన ఆర్గిల్‌సీఎంఎస్ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనా నడుస్తుంది, చాలా పరికరాలను గుర్తిస్తుంది. దాన్ని తేలికగా వాడుకునేందుకు డిస్‌ప్లేకాల్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దీపం రకాన్ని బట్టి దిద్దుబాటు ఎంచుకునే వీలు వీటిలో ఉంది. కొనబోయే పరికరం ఆర్గిల్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకుంటే, తయారీ సంస్థ తన సాఫ్ట్‌వేర్‌ను నిలిపివేసినా పరికరం మూలన పడదు.

సెకండ్ హ్యాండ్ పరికరాల విషయంలో జాగ్రత్త అవసరం. పాత తరం కలరీమీటర్లు కొన్నింటిలో ఫిల్టర్లు కాలంతో పాటు, గాలిలోని తేమతో పాటు మారిపోతాయి. తీర ప్రాంతాల ఉక్కపోతలో ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న పరికరం కొత్త తప్పులను తెచ్చిపెట్టవచ్చు. పరికరం ఇచ్చే నివేదికను నమ్మడానికీ ఒక హద్దుంది. తేడా ఒకటి కన్నా తక్కువ అని అంకె చూపినా, కొలిచిందీ పరీక్షించిందీ ఒకే పరికరం. దాని సొంత లోపం ఆ నివేదికలో బయటపడదు.

వాడే తీరు

మంచి పరికరాన్నీ తొందరపాటు చెడగొడుతుంది. కొలిచే ముందు మానిటర్‌ను అరగంట వెలగనివ్వాలి. నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయాలి. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు తెరపై పడకూడదు. లక్ష్యాలుగా తెలుపుకు 6500 కెల్విన్, గామాకు 2.2, వెలుగుకు చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాలు ఎంచుకోవచ్చు. వెలుగును, తెలుపును వీలైనంత వరకు మానిటర్ బటన్లతోనే సరిచేయాలి. సాధారణ తెరలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. దిద్దుబాటంతా గ్రాఫిక్స్ కార్డుకు వదిలేస్తే వాటిలో కొన్ని పోయి, ఆకాశం లాంటి చోట్ల చారలు కనిపిస్తాయి. తెర వయసుతో మారుతుంది కాబట్టి నెలకో రెండు నెలలకో మళ్లీ కొలవాలి.

నెలకు అరగంట పనికోసం ప్రతి ఒక్కరూ పరికరం కొనాల్సిన పని లేదు. ఒక ఊరి ఫొటోగ్రాఫర్లో, నాలుగు డీటీపీ సెంటర్లో కలిసి ఒకటి కొని వంతులవారీగా వాడుకోవచ్చు. ప్రొఫైల్ ఫైలును మాత్రం పంచుకోకూడదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ మానిటర్లు రెండైనా వాటి రంగులు ఒకేలా ఉండవు.

చేయలేనివి

తెరకు లేని రంగును ఏ కలరీమీటరూ తెచ్చిపెట్టదు. చవక ప్యానెల్ చూపలేని ముదురు ఎరుపు క్యాలిబ్రేషన్ తరువాతా కనిపించదు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చదివే మానిటర్లకు వేరే వైద్య ప్రమాణం ఉంది, వాటికి ఈ పద్ధతి వర్తించదు. చీర కొనేవారి ఫోన్ తెరను సరిచేయడమూ అమ్మేవారి చేతిలో లేదు. అయితే సరిచేసిన తెరపై దిద్దిన ఫొటోకు, చూసేవారి ఫోన్‌లో ఉన్న తప్పు ఒక్కటే తోడవుతుంది. సరిచేయని తెరపై దిద్దితే తప్పులు రెండవుతాయి. తిరిగొచ్చే చీరల సంఖ్య తగ్గడానికి ఆ ఒక్క తప్పును తొలగించుకోవడమే మొదటి మెట్టు.