నేలయుసిరి – కాలేయ రక్షణ

తొలకరి చినుకులు పడిన కొలది దినములకే చేలగట్లమీదను, పెరటి గోడల మొదళ్లయందును, ఎవరును విత్తకయే మొలచి, మూరెడెత్తు పెరుగుటయే గొప్పగా, చింతాకును బోలిన చిరుటాకుల క్రింద ఆవగింజలకన్న నించుక పెద్దవియగు పచ్చని కాయలను వరుసగా దాచుకొని యుండు మొక్కయే నేలయుసిరి. సంస్కృతమున దీనికి భూమ్యామలకి యనియు, తామలకి యనియు పేర్లు. పచ్చకామెర్లు సోకినవానికి దీనిని సమూలముగా నూరి, మజ్జిగలో గలిపి, పరగడుపున త్రాగించుట మన పల్లెలయందు తరతరములనుండి వచ్చుచున్న యాచారము.

కామెర్లు తఱచుగా కాలేయపు చేటునకు గుర్తు. దేహమున బ్రవేశించు మద్యమును, మందులను, విషపదార్థములను విఱిచి నిర్వీర్యము చేయు భారము కాలేయముది. ఆ కార్యమునందే ఫ్రీ రాడికల్స్ అనబడు అస్థిరములైన అణుశకలములు పుట్టి, గడ్డివామిలో బడిన నిప్పురవ్వ పరకనుండి పరకకు ప్రాకునట్లు, కణకవచమందలి క్రొవ్వును వరుసగా దహించుచు బోవును. ఆ రవ్వను మొదటనే యార్పునవి యాంటీఆక్సిడెంట్లు. కాలేయము తనకై తాను సిద్ధపఱచుకొను గ్లూటాథయోన్ అట్టిదే. కార్బన్ టెట్రాక్లోరైడు అను విషముతోపాటు నేలయుసిరి సారమునుగూడ ఎలుకల కొసగి చూచిన ప్రయోగములయందు, గ్లూటాథయోన్ తఱుగుట తగ్గినది. దెబ్బతిన్న కణములనుండి రక్తములోనికి కాఱు ఎంజైములును తగ్గినవి. మొక్కయందలి ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అను ద్రవ్యములకు కాలేయకణములను గాచు గుణము కలదని పరీక్షలు చూపినవి.

అయినను, ఎలుకకు మేలుచేసినది మనుష్యునకును చేయునా? కాలేయమునకు సోకు హెపటైటిస్-బి వైరసు జాడను కనుగొని 1976లో నోబెల్ బహుమానమందిన బ్లూంబెర్గ్ తోడ్పాటుతో మద్రాసు పరిశోధకులు, ఆ వైరసును రక్తమున మోయుచున్నవారికి 30 దినములు ఈ మొక్కతో జేసిన మందునిచ్చి, 1988లో ఫలితములను ప్రకటించిరి. మందు తీసికొనిన 37 మందిలో 22 మంది రక్తమున వైరసు గుర్తు మాసిపోగా, ఉత్తుత్తి మందు పుచ్చుకొనిన 23 మందిలో ఒక్కరికే యట్లు జరిగినది. ఆశలు చిగిర్చినవి, కాని పిమ్మట ఇతరచోట్ల జరిగిన పరీక్షలయందు ఆ ఫలము మరల కానరాలేదు.

కామెర్లు రోగలక్షణమే కాని యొకే రోగము కాదు. హెపటైటిస్-ఎ వలన వచ్చినవి చాలవరకు కొన్ని వారములలో వాటియంతటవే తగ్గును గనుక ఆ కీర్తి పసరునకు దక్కుచుండును. పిత్తనాళమున రాయి యడ్డుపడి వచ్చినవి పసరునకు లొంగవు. కావున పెద్దల యనుభవమును త్రోసిపుచ్చక పరీక్షకు నిలుపుట శాస్త్రజ్ఞుల ధర్మము. కన్నులు పసుపెక్కిన నాడు ముందుగా వైద్యుని జూచి రక్తపరీక్ష చేయించుకొనుట మన ధర్మము. పుట్టిన బిడ్డకు హెపటైటిస్-బి టీకా వేయించుట మఱువకుడు.