గ్రంథాలయాల్లో పుస్తకాలున్నాయి, చెప్పేవారేరీ?

సాయంవేళ ఊరి గ్రంథాలయానికి వచ్చేవారిలో చాలామందికి తమకు ఏ పుస్తకం కావాలో ముందుగా తెలిసి ఉండదు. దినపత్రికలు తిరగవేసేందుకు కొందరు, ఉద్యోగ పరీక్షలకు చదువుకునేందుకు మరికొందరు వస్తారు. పని ముగించుకుని వెళ్లిపోతారు. గోడ వెంట బీరువాల్లో బారులు తీరి ఉన్న వేలాది పుస్తకాల వైపు వారి చూపు మళ్లించే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మన పౌర గ్రంథాలయ వ్యవస్థ ఇంతవరకు సూటిగా సమాధానం చెప్పలేదు. భవనాల నిర్మాణానికి నిధులున్నాయి. పుస్తకాల కొనుగోలుకు సంస్థలున్నాయి. సెస్సు వసూలుకు చట్టాలున్నాయి. కాని "ఇది నేను చదివాను, నాకు నచ్చింది, మీరూ చదివి చూడండి" అని చెప్పగల ఉద్యోగికి మాత్రం ఈ ఏర్పాట్లలో తగిన చోటు లభించలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 70,817, పట్టణ ప్రాంతాల్లో 4,580 గ్రంథాలయాలు ఉన్నాయి. సంఖ్యాపరంగా చూస్తే ఇది చిన్న వ్యవస్థేమీ కాదు. రాజ్యాంగం గ్రంథాలయాలను రాష్ట్రాల జాబితాలో చేర్చగా, 1972లో కలకత్తాలో నెలకొల్పిన రాజా రామమోహన రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం ద్వారా కేంద్ర ప్రభుత్వం పుస్తకాలకు, వసతులకు సహాయం అందిస్తోంది. ఎన్ని పుస్తకాలు చేరాయి, ఎన్ని బీరువాలు కొన్నారు, ఎంతమంది వచ్చి వెళ్లారు అన్న లెక్కలు ఏటా తయారవుతూనే ఉన్నాయి. ఎన్ని పుస్తకాలు తమ పాఠకులను చేరుకున్నాయన్న లెక్క మాత్రం ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

రంగనాథన్ చూపిన బాట

ఈ లోటును దాదాపు శతాబ్దం క్రితమే గుర్తించిన వ్యక్తి ఎస్.ఆర్. రంగనాథన్. మద్రాసులో గణితశాస్త్రం బోధిస్తూ ఉండిన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకునిగా నియమితులయ్యారు. శిక్షణ కోసం లండన్ వెళ్లి, అక్కడి పౌర గ్రంథాలయాల పనితీరును స్వయంగా పరిశీలించి 1925లో తిరిగివచ్చారు. ఆయన రూపొందించిన ఐదు గ్రంథాలయ సూత్రాలు 1931లో పుస్తక రూపం దాల్చాయి. పుస్తకాలు వినియోగం కోసమేనన్నది మొదటిది. ప్రతి పాఠకునికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు లభించాలన్నవి రెండవది, మూడవది. పాఠకుని కాలం వృథా కాకూడదన్నది నాల్గవది కాగా, గ్రంథాలయం నిరంతరం పెరిగే జీవి వంటిదన్నది ఐదవది.

వీటిలో మూడవ సూత్రం ప్రత్యేకంగా గమనించదగినది. పాఠకుడు తనకు కావలసిన పుస్తకాన్ని అడగగలడు. పుస్తకం తనకు కావలసిన పాఠకుణ్ణి అడగలేదు. ఆ పుస్తకం తరఫున ఎవరో ఒకరు మాట్లాడవలసి ఉంటుంది. ఆ పని కేటలాగు వల్ల పూర్తి కాదు. పాఠకుని పేరు, వృత్తి, గతవారం అతను తీసుకువెళ్లిన పుస్తకం, దాన్ని సగంలోనే తిరిగి ఇచ్చిన సంగతి తెలిసిన మనిషి వల్లే అది సాధ్యమవుతుంది. గ్రంథాలయ సిబ్బంది బల్ల వెనుక కూర్చుండిపోక పాఠకుల మధ్య తిరగాలని, పాఠకునికి వ్యక్తిగతంగా చేసే సేవే గ్రంథాలయ వృత్తికి ప్రాణమని రంగనాథన్ భావించారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 12ను గ్రంథపాలకుల దినోత్సవంగా ఏటా జరుపుకుంటున్న మనం, ఆయన కోరిన ఈ ఒక్క పనికి ఉద్యోగులకు ఎంత వెసులుబాటు కల్పించామో ప్రశ్నించుకోవలసి ఉంది.

తాళం వెనుక భయం

అనేక గ్రంథాలయాల్లో బీరువాలకు నేటికీ తాళాలు వేసి ఉంచడానికి సిబ్బంది నిర్లక్ష్యమే కారణమనుకోవడం పొరపాటు. పోయిన ప్రతి పుస్తకం ధర తన జీతం నుండి రాబడతారేమోనన్న భయం వారిని వెంటాడుతుంటుంది. పుస్తకం పాఠకుని చేతికి వెళ్లకపోతే అడిగేవారుండరు. వెళ్లి తిరిగిరాకపోతే మాత్రం సంజాయిషీ చెప్పుకోక తప్పదు. ఇట్టి పరిస్థితిలో పుస్తకాన్ని సిఫారసు చేయడం కన్నా భద్రపరచడమే క్షేమమని ఉద్యోగి భావిస్తే అతన్ని తప్పుపట్టలేము.

అయితే కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు ఈ విషయంలో కొంత ఉదారంగానే ఉన్నాయి. 2017 నాటి నిబంధనల ప్రకారం ఏడాదిలో పాఠకులు తీసుకున్న లేదా సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు వరకు పోవడాన్ని సహజ నష్టంగా పరిగణించవచ్చు. ఆ నష్టానికి నిజాయితీ లోపం గాని, అశ్రద్ధ గాని కారణమై ఉండకూడదు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, లేదా అరుదైన పుస్తకం పోయినప్పుడు విచారణ తప్పనిసరి. చదివించే చోట కొన్ని పుస్తకాలు నలుగుతాయని, కొన్ని పోతాయని ప్రభుత్వమే అంగీకరించిందన్న మాట. ఈ స్ఫూర్తి జిల్లా, శాఖా గ్రంథాలయాల ఆడిట్ వరకు దిగివచ్చినప్పుడే బీరువాల తాళాలు ఊడతాయి.

ఇంటి గుమ్మం వరకు కేరళ

గ్రంథాలయాన్ని మనుషుల మధ్య సంబంధంగా నిలబెట్టడంలో కేరళ అనుభవం ఇతర రాష్ట్రాలకు మార్గదర్శకం. పి.ఎన్. పణిక్కర్ కృషితో 1945లో 47 గ్రంథాలయాలు కలిసి తిరువాన్కూరు గ్రంథశాలా సంఘంగా ఏర్పడ్డాయి. ఊరూరా కాలినడకన తిరిగి, చదివి ఎదగమని ప్రబోధించిన పణిక్కర్ ఉద్యమానికి 1975లో యునెస్కో వారి క్రుప్స్‌కాయా పురస్కారం లభించింది. 1989లో రాష్ట్ర చట్టం వచ్చాక ఈ బాధ్యత గ్రంథాలయ మండలికి సంక్రమించింది. పణిక్కర్ మరణించిన జూన్ 19ని పఠన దినంగా పాటిస్తున్నారు.

అక్కడ అమలవుతున్న వనితా పఠన పథకం ప్రత్యేకంగా పేర్కొనదగినది. గ్రంథాలయానికి రాలేని గృహిణులు, వృద్ధుల ఇళ్లకు మహిళా గ్రంథపాలకులు సంచిలో పుస్తకాలు పెట్టుకుని వెళతారు. మోయగలిగినన్నే తీసుకువెళ్లాలి గనుక ఎవరికి ఏది నచ్చుతుందో ముందుగా ఆలోచించుకోక తప్పదు. ఒక ఇంట్లో నవల, మరొక ఇంట్లో జీవితచరిత్ర, ఇంకొక ఇంట్లో పిల్లల కథలు ఇవ్వాలంటే ఆ ఇళ్లవారినీ, ఆ పుస్తకాలనూ కూడా ఎరిగి ఉండాలి. ఇచ్చే వేతనం స్వల్పమే అయినా, పుస్తకం గురించి గుమ్మంలో నిలబడి రెండు మాటలు చెప్పే ఆ మహిళ వల్లే అనేక ఇళ్లలో చదువు అలవాటుగా మారింది.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లోనూ ఇదే సత్యం రుజువైంది. 1978లో అబ్దుల్లా అబూ సయీద్ స్థాపించిన విశ్వ సాహిత్య కేంద్రం సంచార గ్రంథాలయ వాహనాలను నడుపుతోంది. రాజ్‌షాహీ జిల్లాకు చెందిన పొలాన్ సర్కార్ ఏ పదవీ లేకుండానే, వార్ధక్యంలో కాలినడకన పల్లెలు తిరిగి పుస్తకాలిచ్చి, చదివిన వాటిని తీసుకుని, కొత్తవి ఇచ్చేవారు. 2011లో ఆ ప్రభుత్వం ఆయనకు ఏకుశే పదక్ ప్రదానం చేసింది. 2019లో ఆయన కన్నుమూశారు. సంచీ బరువు కన్నా ఆ మనిషిపై పాఠకులకు గల నమ్మకమే ఆ గ్రంథాలయానికి మూలధనం.

తెలుగునాట గ్రంథాలయోద్యమం పుట్టింది కూడా ఈ నమ్మకం మీదనే. అయ్యంకి వెంకటరమణయ్య, పాతూరి నాగభూషణం వంటి కార్యకర్తలు పాఠకుడు వచ్చేవరకు వేచి ఉండలేదు. కృష్ణా కాలువల్లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య 1935లో ప్రయాణికుల పడవల్లోనే గ్రంథాలయం నడిచింది. పడవ సాగినంతసేపూ చదువుకునేందుకు వారి చేతికి పుస్తకం అందింది.

అభిరుచి ఒకరిది, సొమ్ము అందరిది

సిబ్బంది తమ ఇష్టాలను పాఠకులతో పంచుకోవడం పట్ల ఒక అభ్యంతరం లేకపోలేదు. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలో ఒక ఉద్యోగి తన కులానికో, మతానికో, పార్టీకో నచ్చిన పుస్తకాలనే ముందుకు నెడితే దిక్కేమిటని కొందరు ప్రశ్నిస్తారు. ఈ భయాన్ని తేలికగా తీసిపారేయరాదు. అయితే మౌనం దీనికి పరిష్కారం కాదు. ఏ పుస్తకాలు కొనాలో, ఏవి ఎదురుగా కనిపించే అరలో ఉంచాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉన్నారు. ఆ నిర్ణయం పేరు లేకుండా జరుగుతోంది. అంతే తేడా.

పేరు పెట్టి చెప్పిన ఇష్టంలో దాపరికం ఉండదు. పాశ్చాత్య దేశాల పౌర గ్రంథాలయాల్లో సిబ్బంది ఎంపికలకు ప్రత్యేకంగా ఒక అర కేటాయించడం చాలాకాలంగా ఉన్న అలవాటే. పుస్తకం పక్కన చిన్న అట్టముక్క మీద ఉద్యోగి నాలుగు వాక్యాలు రాసి తన పేరు పెడతాడు. అది సంస్థ తీర్పు కాదని, ఒక మనిషి అభిప్రాయమని పాఠకునికి అర్థమవుతుంది. కావాలంటే కాదనే స్వేచ్ఛ అతనికి ఉంటుంది. ఒకే ఉద్యోగి కాక అటెండరు మొదలు అధికారి వరకు అందరూ రాస్తే, పాఠకుల ఎంపికలకూ పక్కనే మరొక అర కేటాయిస్తే, ఏ ఒక్కరి అభిరుచీ పెత్తనం చెలాయించలేదు.

ఉద్యోగి వ్యక్తిగత ఆసక్తులు గ్రంథాలయానికి పెట్టుబడి వంటివి. పెరటి తోట పెంచే ఉద్యోగికి వ్యవసాయ విభాగంలోని ఏ పుస్తకం పనికివస్తుందో తెలుసు. చదరంగం ఆడేవాడు పిల్లలను ఆ బీరువా వద్దకు తీసుకుపోగలడు. పాత సినిమా సంగీతంపై మక్కువ గల ఉద్యోగి ఆ రంగంలోని ఆత్మకథల గురించి గంటసేపు ఆసక్తికరంగా మాట్లాడగలడు. బాలల గ్రంథాలయ రంగంలో ఈ సంగతిని ముందుగా గుర్తించారు. టాటా ట్రస్టుల 'పరాగ్' కార్యక్రమం నిర్వహించే గ్రంథాలయ శిక్షణలో పిల్లలకు పుస్తకం చదివి వినిపించడం, పుస్తకాన్ని ఆసక్తి కలిగేలా పరిచయం చేయడం పాఠ్యాంశాలుగా ఉన్నాయి. గోవాలోని 'బుక్‌వార్మ్', ఢిల్లీలోని 'కమ్యూనిటీ లైబ్రరీ ప్రాజెక్ట్' వంటి సంస్థలు ఇదే పద్ధతిని అనుసరిస్తున్నాయి. కర్ణాటకలో 2019లో గ్రామీణ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖకు అప్పగించి, బడులు మూతపడిన 2020లో పిల్లలను సభ్యులుగా చేర్పించే 'ఓదువ బెళకు' కార్యక్రమం చేపట్టారు. పిల్లలకు పనికివచ్చిన ఈ విధానం పెద్దలకు పనికిరాదనడానికి కారణమేదీ లేదు.

సెస్సు ఎవరి కోసం?

పౌర గ్రంథాలయం ఉచిత దానం కాదు. ఇంటిపన్నుతో కలిపి పౌరుడు దానికి ముందే వెల చెల్లిస్తున్నాడు. ప్రతి రూపాయి ఆస్తిపన్నుపై తమిళనాడులో 10 పైసలు, తెలుగు రాష్ట్రాల్లో 8 పైసలు, కర్ణాటకలో 6 పైసలు, కేరళలో 5 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు విధిస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది. ఖాళీ అయిన పోస్టులు ఏళ్ల తరబడి భర్తీకి నోచుకోక, ఒకే ఉద్యోగి తలుపులు తీయడం, పత్రికలు సర్దడం, రిజిస్టరు రాయడం, ఊడ్పించడం అన్నీ చూసుకోవలసి వస్తున్న శాఖలు అనేకం. అటువంటి ఉద్యోగిని పుస్తకాలు చదివి పాఠకులకు చెప్పమనడం పరిహాసమే అవుతుంది.

కనుక చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. సెస్సు బకాయిలు చెల్లించాలి, ఖాళీలు పూరించాలి. పుస్తకాల కొనుగోలులో శాఖా గ్రంథపాలకుని మాటకు విలువ ఉండాలి. తాను కోరని, చూడని పుస్తకాలను అతను ఎవరికి సిఫారసు చేయగలడు? పనివేళల్లో వారానికి కొన్ని గంటలు చదవడాన్ని విధుల్లో భాగంగా గుర్తించాలి. సహజ నష్టానికి ఉద్యోగిని బాధ్యుణ్ణి చేయరాదు. వీటిలో మొదటి దానికి ధనం కావాలి. మిగిలిన వాటికి ఒక ఉత్తర్వు చాలు.

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. ప్రముఖుల ఉపన్యాసాలు, వక్తృత్వ పోటీలు, బహుమతి ప్రదానాలతో ఆ వారం గడిచిపోతుంది. అందులో ఒక్క సాయంత్రం వేదిక గ్రంథాలయ సిబ్బందికే అప్పగించి, తమకు నచ్చిన పుస్తకాల గురించి తలా పది నిమిషాలు మాట్లాడమంటే అయ్యే వ్యయం శూన్యం. మరునాడు ఆ పుస్తకాల కోసం నలుగురు వచ్చి అడిగినా, బీరువా తాళం తీయడానికి ఉద్యోగికి ఒక కారణం దొరుకుతుంది. డబ్బు పెట్టి పుస్తకాలు కొనవచ్చు. వాటిని చదివించడానికి మాత్రం చదివిన మనిషే కావాలి.