ఏఎం4: ఒక సాకెట్ జీవిత కథ

ఏఎం4 సాకెట్‌లో 1331 సన్నటి రంధ్రాలుంటాయి. నాలుగు సెంటీమీటర్ల చదరంగా ఉండే ప్రాసెసర్ అడుగున సరిగ్గా అన్నే పిన్నులు. సాకెట్ పక్కనున్న మీటను పైకెత్తి, ప్రాసెసర్ మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి ఎదురుగా పెట్టి వదిలితే చాలు, అది తన బరువుతోనే లోపలికి దిగిపోతుంది. వేలితో నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో పిన్ను వంగిందన్నమాట. మీటను కిందికి దించగానే లోపలి కాంటాక్టులు పిన్నులను పట్టుకుంటాయి. 2017 మార్చి 2న ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లతో పాటు ఈ సాకెట్ గేమింగ్ జనం చేతికొచ్చింది. తక్కువ డబ్బుతో కంప్యూటర్ కట్టుకునేవాళ్లకు ఇన్నేళ్లపాటు అండగా నిలిచిన సాకెట్ ఈ మధ్యకాలంలో మరొకటి లేదు.

అంతకుముందు ఏఎండీలో రెండు దారులుండేవి. ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లకు ఏఎం3 ప్లస్, లోపలే గ్రాఫిక్స్ ఉన్న చవక ప్రాసెసర్లకు ఎఫ్‌ఎం2 ప్లస్. ఒక దారిలో వెళ్లినవాళ్లు రెండోదాంట్లోకి రావాలంటే బోర్డు మార్చాల్సిందే. ఏఎం4 ఆ రెండిటినీ ఒకటి చేసింది. 2020 దాకా ఇదే సాకెట్ కొనసాగుతుందని కూడా కంపెనీ మాటిచ్చింది. జేబులో డబ్బు లెక్క చూసుకుని సిస్టమ్ కట్టుకునే కుర్రవాడికి ఆ మాట చాలా విలువైనది. ఈ ఏడాది చవక ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, మూడేళ్ల తర్వాత డబ్బు కూడినప్పుడు దాన్ని తీసి మంచిది పెట్టుకోవచ్చు. బోర్డూ ర్యామూ ఉన్నచోటే ఉంటాయి.

అసలు ఒక కంపెనీ ప్రాసెసర్, ఇంకో కంపెనీ బోర్డు, మూడో కంపెనీ గ్రాఫిక్స్ కార్డు తెచ్చి ఒకే క్యాబినెట్‌లో బిగిస్తే పనిచేస్తుందన్న ధీమా ఎక్కడి నుంచి వచ్చింది? దాని మూలం 1981 ఆగస్టు 12న ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో ఉంది. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో ఒక చిన్న బృందం దాన్ని సుమారు ఏడాదిలో తయారుచేసింది. అన్నీ సొంతంగా చేసుకునే వ్యవధి లేదు కాబట్టి ప్రాసెసర్ ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకున్నారు. బోర్డు మీద ఐదు స్లాట్లు ఖాళీగా వదిలారు. సర్క్యూట్ పటాలతో సహా వివరాలన్నీ పుస్తకంగా వేసి అమ్మారు. అది చదివి ఎవరైనా కార్డు తయారుచేసుకోవచ్చు.

కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయాస్ ప్రోగ్రాము ఒక్కదాని మీద మాత్రం ఐబీఎం కాపీరైట్ పెట్టుకుంది. 1982లో హ్యూస్టన్‌లో పుట్టిన కాంపాక్ దానికో ఉపాయం కనిపెట్టింది. ఐబీఎం రాసిన కోడ్‌ను ఎన్నడూ చూడని ఇంజనీర్లతో, అదే పని చేసే బయాస్‌ను మొదటి నుంచి రాయించింది. 1984 నాటికి ఫీనిక్స్ కంపెనీ అలాంటి బయాస్‌నే తయారుచేసి అడిగినవాళ్లందరికీ అమ్మసాగింది. 1987లో ఐబీఎం మైక్రో చానల్ అనే కొత్త స్లాటు తెచ్చి, వాడుకోవాలంటే లైసెన్సు రుసుము కట్టమంది. మరుసటి ఏడాది కాంపాక్‌తో సహా తొమ్మిది కంపెనీలు ఈసా అనే మరో స్లాటును ప్రకటించాయి. పీసీ ఆకృతిని శాసించే అధికారం అక్కడితో ఐబీఎం చేజారింది.

ఆ కాలపు ఆనవాళ్లు ఇవాళ్టి క్యాబినెట్‌లో స్కేలు పెట్టి కొలిస్తే దొరుకుతాయి. 1983 నాటి ఐబీఎం ఎక్స్‌టీలో స్లాటుకూ స్లాటుకూ మధ్య దూరం 0.8 అంగుళం. ఇప్పటి మదర్‌బోర్డుల్లోనూ అంతే. కరెంటు కనెక్టర్ మాత్రం మారింది, మారడమే మంచిదైంది. పాత ఏటీ బోర్డులకు కరెంటు పీ8, పీ9 అనే రెండు ముక్కలుగా వచ్చేది. నల్ల వైర్లు మధ్యలో పక్కపక్కన ఉండేలా గుచ్చాలి. రెండూ తారుమారైతే బోర్డు కాలిపోయే ప్రమాదముండేది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ఆ రెండిటి స్థానంలో ఒకే దిక్కున పట్టే 20 పిన్నుల కనెక్టర్ తెచ్చింది. బోర్డు కొలత 305 మిల్లీమీటర్లకు 244, స్క్రూ రంధ్రాలు ఫలానా చోట అని తేల్చింది. 1997 చివర్లో వచ్చిన మైక్రో ఏటీఎక్స్ కొలత 244కు 244. చవక గేమింగ్ సిస్టమ్‌లు ఎక్కువగా దీనిమీదే కడతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపులో బోర్డు, పై అంతస్తులో క్యాబినెట్, ఇంకెక్కడో కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ కొని ధైర్యంగా ఇంటికి తెచ్చుకోగలుగుతున్నామంటే ఈ కొలతల ఒప్పందమే కారణం.

అయితే పట్టిందల్లా పనిచేయదు. 2017 ఆరంభంలో ఇంటెల్ జడ్270 బోర్డు కొన్నవాళ్లకు ఈ సంగతి అదే ఏడాది అక్టోబరులో తెలిసింది. కొత్తగా వచ్చిన ఎనిమిదో తరం కోర్ ప్రాసెసర్ల సాకెట్ పేరు కూడా ఎల్‌జీఏ 1151 అనే ఉంది. కాంటాక్టుల సంఖ్య అదే, ఆకారమూ అదే. కానీ వాటికి కొత్త 300 సిరీస్ బోర్డే కావాలని, కరెంటు పిన్నుల ఏర్పాటు మార్చామని ఇంటెల్ చెప్పింది. కాబట్టి బోర్డు కొనేవాళ్లు సాకెట్ పేరు దగ్గర ఆగిపోకుండా, ఆ బోర్డు తయారీదారు వెబ్‌సైటులో ఉండే ప్రాసెసర్ల జాబితా చూడాలి. ఫలానా ప్రాసెసర్‌కు ఫలానా బయాస్ వెర్షన్ కావాలని అందులో రాసి ఉంటుంది.

ఏఎం4కు కూడా ఆ బయాస్ దగ్గరే పెద్ద పరీక్ష ఎదురైంది. చాలా బోర్డుల మీద బయాస్ చిప్ సామర్థ్యం 16 మెగాబైట్లే. ప్రతి కొత్త తరం ప్రాసెసర్‌కూ అందులో కొంత కోడ్ చేర్చాలి. తరాలు పెరిగేకొద్దీ చోటు చాలలేదు. కొందరు తయారీదారులు బయాస్ తెర మీది అలంకారాలు తీసేసి జాగా చేసుకున్నారు. 2020 మేలో ఏఎండీ, రాబోయే రైజెన్ 5000 ప్రాసెసర్లు 500 సిరీస్ బోర్డుల మీదే నడుస్తాయని ప్రకటించింది. అప్పటికి మార్కెట్లో తక్కువ ధరకు దొరుకుతున్న బీ450 బోర్డులను, ముందు ముందు పనికొస్తాయన్న నమ్మకంతో ఎంతోమంది కొని ఉన్నారు. వాళ్ల నిరసన జోరుగా సాగింది. రెండు వారాలు తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గి, బీ450, ఎక్స్470లకూ అవకాశమిచ్చింది. 2022లో 2017 నాటి ఏఎం4 300 సిరీస్ బోర్డులకు కూడా తలుపు తెరిచింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ, 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్‌తో, అప్పటి అత్యంత వేగవంతమైన గేమింగ్ ప్రాసెసర్లలో ఒకటి. ఐదేళ్ల నాటి బోర్డు మీద అది నడిచింది. కొనుగోలుదారులు గట్టిగా అడగబట్టే ఇది సాధ్యమైందని మర్చిపోకూడదు.

ఇక్కడొక చిక్కుంది. బయాస్ అప్‌డేట్ చేయాలంటే కంప్యూటర్ ఆన్ కావాలి; అది ఆన్ కావాలంటే పాత బయాస్ గుర్తుపట్టే ప్రాసెసర్ ఉండాలి. కొత్త ప్రాసెసర్ ఒక్కటే చేతిలో ఉంటే తెర మీద ఏమీ రాదు. 2018లో ఇలా ఇరుక్కున్నవాళ్లకు ఏఎండీ ఒక పాత ప్రాసెసర్‌ను అరువు పంపించేది, పని కాగానే తిరిగి ఇచ్చేయాలి. ఇప్పుడు చాలా బోర్డుల వెనకవైపు బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసి, కరెంటిచ్చి, ఆ బటన్ నొక్కితే ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ అవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఏఎం4 బోర్డు తీసుకునేవాళ్లు రంగురంగుల లైట్ల కన్నా ముందు ఈ బటన్ ఉందో లేదో చూడటం మేలు.

పట్టినా, పనిచేసినా, పూర్తి సత్తువతో పనిచేయకపోవచ్చు. అన్నిటికన్నా మోసకారి పొంతన ఇదే, ఎందుకంటే తెర మీద ఏ హెచ్చరికా రాదు. 2022 జనవరిలో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవక గ్రాఫిక్స్ కార్డు. దాని కనెక్టర్ పొడవు మామూలు కార్డులంతే ఉన్నా, లోపల పనిచేసే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు నాలుగే. నాలుగో తరం స్లాటులో ఒక్కో లేను సెకనుకు సుమారు 2 గిగాబైట్లు మోస్తుంది, మూడో తరంలో 1 గిగాబైటే. కార్డు మీదున్న మెమరీ 4 గిగాబైట్లు. ఆట దాన్ని దాటిందంటే మిగిలిన సమాచారమంతా సిస్టమ్ ర్యామ్ నుంచి ఆ నాలుగు లేన్ల మీదుగానే రావాలి. బీ450 బోర్డు మూడో తరానిది, బీ550 నాలుగో తరానిది. అందుకే అదే కార్డు, అదే ఆట, బీ550 మీద సాఫీగా సాగి బీ450 మీద తడబడేది. అప్పటి సమీక్షల్లో ఈ తేడా స్పష్టంగా కనిపించింది.

ఇంకో మెలిక ప్రాసెసర్లో ఉంది. రైజెన్ 5 5500, రైజెన్ 5 5600 రెండూ 2022 ఏప్రిల్‌లోనే వచ్చాయి. రెండిటికీ ఆరు కోర్లు. కానీ 5500 పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం దగ్గరే ఆగిపోతుంది, దాని ఎల్3 క్యాష్ 5600లో ఉన్నదాంట్లో సగం, 16 మెగాబైట్లు. కాబట్టి ఖరీదు పెట్టి బీ550 బోర్డు తెచ్చినా 5500 పెడితే ఆ నాలుగో తరం స్లాటు వృథా. ఈ రెండిటిలోనూ గ్రాఫిక్స్ లేదు కూడా. కష్టపడి అంతా బిగించి, మానిటర్ కేబుల్‌ను బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐలో గుచ్చితే తెర నల్లగానే ఉంటుంది. ఆ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డులో గుచ్చాలి.

ర్యామ్ తప్పు కొంటే ఇట్టే తెలిసిపోతుంది. డీడీఆర్4, డీడీఆర్5 రెండిటికీ 288 పిన్నులే, కానీ అంచులోని గాటు స్థానం వేరు కాబట్టి ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. ఏఎం4కు డీడీఆర్4 ఒక్కటే. 16 జీబీ స్టిక్కు ఒకటి తీసుకునే బదులు 8 జీబీవి రెండు తీసుకోవడం మంచిది. రెండు చానళ్లూ పనిచేస్తాయి. 3200 వేగం దగ్గర సెకనుకు 25.6 గిగాబైట్ల దారి 51.2 అవుతుంది. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో గుచ్చాలి. ఆ తర్వాత బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 3200 కని డబ్బులిచ్చిన ర్యామ్ 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉంటుంది. కొన్న వేగాన్ని ఇలా ఏళ్ల తరబడి వాడుకోనివాళ్లు చాలామందే ఉన్నారు.

డబ్బు తగ్గించాలనుకున్నప్పుడు అందరి చెయ్యీ ముందు ఎస్‌ఎంపీఎస్ మీదే పడుతుంది. అక్కడ మాత్రం తగ్గించకూడదు. లెక్క సులువే. 65 వాట్లని రాసి ఉన్న ఏఎం4 ప్రాసెసర్ సాకెట్ నుంచి 88 వాట్ల దాకా లాగగలదు. ఆర్‌ఎక్స్ 6600 కార్డుకు 132 వాట్లు. బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి మరో 60 వేసుకున్నా 280. మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ హాయిగా సరిపోతుంది. పక్కనున్న లేబుల్ మీద 12 వోల్టుల గడి చదవాలి, ఎందుకంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల కరెంటంతా దాదాపు అక్కడి నుంచే. పైన 500 అని పెద్దగా ఉండి, ఆ గడిలో 25 ఆంపియర్లే ఉంటే అది నిజానికి 300 వాట్ల సరుకు. కేబుళ్లు ఊడదీసే రకమైతే మరో జాగ్రత్త. ఏటీఎక్స్ ప్రమాణం కేబుల్‌కు బోర్డు వైపున్న కొసకే వర్తిస్తుంది, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసను ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తయారుచేసుకుంటారు. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి పట్టాయి కదా అని తగిలించి హార్డ్‌డిస్కులు కాల్చుకున్న సందర్భాలున్నాయి.

2022 సెప్టెంబరులో ఏఎం5 వచ్చింది. ఇందులో పిన్నులు ప్రాసెసర్‌ను వదిలి సాకెట్‌లోకి చేరాయి, సంఖ్య 1718 అయింది. ర్యామ్ డీడీఆర్5 మాత్రమే. ఈ సాకెట్‌ను 2027 దాకా, ఆపైనా కొనసాగిస్తామని ఏఎండీ అంటోంది. ఏఎం4 కూడా అప్పుడే తప్పుకోలేదు. 2024 జనవరిలో దానికి 5700ఎక్స్3డీ వచ్చింది, జులైలో మరో రెండు ప్రాసెసర్లు. ఇప్పటికే ఏఎం4 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవడం లాభం. అంతా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కాస్త ఎక్కువైనా ఏఎం5 వైపు చూడటమే నయం. ఏఎం4 నుంచి అటు మారేటప్పుడు క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు వెంట వస్తాయి. కూలర్ సంగతి మాత్రం చూసుకోవాలి: బోర్డు వెనకున్న అసలు ప్లేటుకే బిగించేదైతే ఏఎం5కూ సరిపోతుంది, సొంత ప్లేటుతో వచ్చే రకమైతే కుదరదు, ఎందుకంటే ఏఎం5లో ఆ ప్లేటు ఊడిరాదు.