గడ్డ కొన తెగితే...

చింతపల్లి దాటి జీకే వీధి మీదుగా సీలేరు వెళ్లే దారిలో శ్రావణమాసంలో బస్సు కిటికీ పక్కన సీటు పట్టండి. వాన తెరిపిచ్చాక పొదల మీద నిప్పంటుకున్నట్టు కనబడేదే అడవినాభి. పొత్తిదుంప అన్నా, అగ్నిశిఖ అన్నా ఇదే. లంబసింగి మంచు కోసం డిసెంబరులో ఎగబడేవాళ్లకి ఈ భాగ్యం లేదు. అప్పటికి తీగ ఎండిపోయి, గడ్డ మట్టిలో నిద్రపోతుంటుంది.

దిగి చూడండి, ముట్టుకోకుండా. మొగ్గ పచ్చగా తల వేలాడేసి ఉంటుంది. విచ్చేకొద్దీ ఆరు రేకులూ వెనక్కి తిరిగి పైకి లేస్తాయి. అంచులు లంగా కుచ్చిళ్లలా అలలు తిరిగి ఉంటాయి. అడుగున పసుపు, కొసన ఎరుపు. రోజులు గడిచేకొద్దీ ఎరుపు కిందికి దిగి పువ్వంతా కమ్మేస్తుంది. కేసరాలు గొడుగు ఊచల్లా విచ్చుకుంటే, కీలం మాత్రం మొదట్లోనే పక్కకి మళ్లి దూరంగా నిలబడుతుంది. సొంత పుప్పొడి వద్దు, సీతాకోకచిలుక తెచ్చే పొరుగు పుప్పొడి కావాలని దాని పట్టు. ఆకు కొనే నులితీగై ఏది దొరికితే దాన్ని చుట్టుకుని పాకుతుంది.

ఇంతకీ దీనికి ముప్పుందా? ఐయూసీఎన్ ఎర్ర జాబితాను అడిగితే పెద్దగా ఆందోళన అక్కర్లేదంటుంది. నిజమే, ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా పాకిన తీగ ఇది. జింబాబ్వేకి జాతీయ పుష్పం, తమిళనాడుకి రాష్ట్ర పుష్పం. కానీ ప్రపంచం లెక్క వేరు, కొండ లెక్క వేరు. మన దేశంలోనే కొన్ని రాష్ట్రాల్లో నిపుణులు దీన్ని ముప్పున్న మొక్కల్లో చేర్చారు. ఎక్కడో ఆఫ్రికాలో పుష్కలంగా ఉందన్న మాట జీకే వీధి పొదకి ఏ మాత్రం ఆసరా?

కిటుకంతా గడ్డలో ఉంది. నాగలి ఆకారం కాబట్టే సంస్కృతంలో లాంగలి అన్నారు. ఏటా పాత గడ్డ వడలిపోయి, రెండు కొమ్మల కొత్త గడ్డ ఊరుతుంది. ఒక్కో కొమ్మ చివర ఒక్కటే మొలక కన్ను. గునపం తగిలి ఆ కొన విరిగిందా, ఆ కొమ్మ ఇక మొలవదు.

తవ్వేది విషం కోసం. మోతాదు మీరితే ప్రాణం తీసే కాల్చిసిన్ ఈ మొక్క నిండా ఉంటుంది. అదే మిల్లీగ్రాముల్లో గౌట్ నొప్పికి మందు. 1937లో బ్లేక్స్‌లీ, ఏవరీ దీంతో మొక్కల క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయొచ్చని చూపాక వంగడాలు పుట్టించేవాళ్లకీ కావలసినదైంది. 2023లో గుండె జబ్బుల ముప్పు తగ్గించడానికి తక్కువ మోతాదు కాల్చిసిన్‌కి అమెరికా అనుమతిచ్చింది. తమిళనాడు రైతులు పందిళ్ల మీద పెంచి, కూలీల చేత పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దించి గింజలు అమ్ముతున్నారు. అయితే సాగుకి నాటేదీ గడ్డే. ఆ తొలి గడ్డలు ఏ అడవిలోంచి వెళ్లి ఉంటాయి?

విచిత్రమేమిటంటే కాల్చిసిన్ గడ్డలో కంటే గింజలోనే ఎక్కువ. ఇక తవ్వకం మాటకొస్తే, 2006 అటవీ హక్కుల చట్టం దుంపలూ మూలికలూ సేకరించుకునే హక్కు గిరిజనులకిచ్చింది, అడవిని కాపాడే అధికారమూ గ్రామసభకిచ్చింది. కాబట్టి తవ్వొద్దని బోర్డు పెట్టి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. ఈ మన్యంలోనే తపసి బంక తీసేవాళ్లు లోతు గాట్లు మాని, చెట్టు బతికేలా చిన్న గాట్లు పెట్టడం నేర్చుకున్నారు. అడవినాభి గింజకీ అలాంటి శిక్షణ, 1956 నుంచి కొండ సరుకు కొంటున్న గిరిజన సహకార సంస్థ (జీసీసీ) లాంటి సంస్థ దగ్గర నికరమైన ధర దొరికితే గునపం అవసరమే పడదు.

గింజ నాటితే తొలి పువ్వుకి మూడు నాలుగు వానాకాలాలు ఆగాలి. గడ్డ కదపకుంటే ఆ ఆలస్యమూ ఉండదు. కార్తీకం నాటికి కాయ ఎండి మూడు పాయలుగా విచ్చుకుంటుంది. లోపల ఎర్రెర్రని గింజలు వరసగా పేర్చినట్టుంటాయి. కొన్ని కోసుకుని, కొన్ని పొదలోనే రాల్చి వెళితే, మళ్లీ తొలకరికి అదే చోట పచ్చటి మొలక లేస్తుంది.