ఓటు లేని సీఐఓ

అమెరికాకి వచ్చిన మనవాళ్ళలో చాలామందికి లా ఫర్మ్‌తో తొలి పరిచయం వీసా కాగితాల దగ్గరే. ముందు హెచ్-1బి, ఆ తరవాత గ్రీన్ కార్డు. ఒకే పాస్‌పోర్టు కాపీని మూడుసార్లు పంపమని అడిగితే "వీళ్ళకి ఒక డేటాబేస్ కూడా లేదా?" అని విసుక్కోనివాళ్ళు ఉండరేమో! గంటకి వందల డాలర్లు తీసుకునే సంస్థలకి కంప్యూటర్లు కొనే స్తోమత లేక కాదు. అయినా మన వృత్తిలో లాయర్లకున్న పేరు "కొత్త సాఫ్ట్‌వేర్ అంటే బెదిరే కస్టమర్లు" అనే. కన్సల్టెంటుగా ఇలాంటి ప్రాజెక్టులు చూస్తున్నకొద్దీ నాకనిపించేదేమిటంటే, చిక్కంతా ఎవరు చెబితే ఎవరు వింటారన్న దగ్గరే ఉంది.

మనం పనిచేసే కంపెనీల పద్ధతి మీకు తెలిసిందే. సీఐఓ సంతకం పెడతాడు, ఒక తేదీ ప్రకటిస్తారు, నచ్చినా నచ్చకపోయినా సోమవారం పొద్దున్నకి అందరి తెర మీదా కొత్త సిస్టం ఉంటుంది. లా ఫర్మ్‌లో ఆ పప్పులుడకవు. అక్కడ పార్ట్‌నర్లే యజమానులు. మేనేజింగ్ పార్ట్‌నర్ వాళ్ళు ఎన్నుకున్న మనిషి. వాళ్ళకి కోపం వస్తే దిగిపోవలసిన మనిషి కూడా. పెద్ద క్లయింట్లున్న పార్ట్‌నర్ "నాకిది వద్దు" అంటే గట్టిగా చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలదు. రేపు ఆయన వీధి దాటి ఇంకో ఫర్మ్‌లో చేరితే క్లయింట్లు ఆయన వెంటే పోవచ్చు. పోటీ సంస్థలో చేరకూడదని ఒప్పందం రాయించుకుందామా అంటే, లాయర్ల వృత్తి నియమాలు అందుకు ఒప్పుకోవు.

మరి సీఐఓ? ఆయన పరిస్థితి ఇంకా విచిత్రం. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 5.4 అని ఒకటుంది. లాయరు కానివాళ్ళు లా ఫర్మ్‌లో పార్ట్‌నర్లు కాకూడదు, ఫీజులో వాటా తీసుకోకూడదు అంటుందది. అరిజోనా రాష్ట్రం 2021 నుంచి దీన్ని ఎత్తేసింది గాని, చాలా రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఇంకా నడుస్తూనే ఉంది. అంటే ఇరవయ్యేళ్ళ అనుభవమున్న సీఐఓకి కూడా పార్ట్‌నర్ల మీటింగులో ఓటు లేదన్నమాట. పెళ్ళిలో వంటాయన లాంటివాడు. ఆయన లేకపోతే భోజనాలు లేవు, కాని ముహూర్తం ఆయన్నడిగి పెట్టరు.

దీనికి తోడు డబ్బు లెక్క. ఈ ఫర్మ్‌లలో ఏ ఏటి లాభం ఆ ఏడే పంచుకోవడం మామూలు. అందుకని కొత్త సిస్టంకి పెట్టే ఖర్చు పార్ట్‌నర్‌కి తన జేబులోంచి పోయినట్టే ఉంటుంది. మూడేళ్ళ తరవాత ఫలితమిచ్చే ప్రాజెక్టుకి అరవై నాలుగేళ్ళ పార్ట్‌నర్‌ని ఒప్పించి చూడండి, తెలుస్తుంది! పైగా చాలావరకు బిల్లు గంటల మీద. పది గంటల పనిని రెండు గంటల్లో చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ మనకి అద్భుతం, ఆయనకి ఎనిమిది గంటల నష్టం. వాళ్ళకి తెలివితేటలు లేవనుకుంటే పప్పులో కాలేసినట్టే. వాళ్ళ లెక్క వాళ్ళకి సరిగ్గానే ఉంది.

ఇన్ని అడ్డంకులున్నా కొన్నిచోట్ల పని జరిగింది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒరిక్. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఈ పాత సంస్థ 2002లో తన ఐటీ, అకౌంటింగ్ లాంటి పనులకి వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ అనే చిన్న ఊళ్ళో ఒక కేంద్రం తెరిచింది. ఓహయో నది ఒడ్డున, ఉక్కు పరిశ్రమ దెబ్బతిని కళ తప్పిన ఊరది. అమెరికన్ కంపెనీల బాక్ ఆఫీసులు బెంగళూరుకీ హైదరాబాదుకీ తరలుతున్న రోజుల్లో వీళ్ళు వీలింగ్‌లో ఒక పాత ఫ్యాక్టరీ భవనాన్ని ఎంచుకున్నారు. సెక్రటరీ దగ్గర్నుంచి హెల్ప్ డెస్క్ దాకా అన్నీ తన గది పక్కనే ఉండాలనుకునే సీనియర్ లాయరుకి ఇది మింగుడుపడే సంగతేనా? అయినా కేంద్రం నిలబడింది. తరవాత డాక్యుమెంట్ రివ్యూ లాంటి లాయర్ల పని కూడా కొంత అక్కడికే చేరింది. 2010లో విల్మర్‌హేల్ సంస్థ ఓహయోలోని డేటన్‌లో ఇలాంటి కేంద్రమే పెట్టింది.

ఒరిక్‌ని ఈ దారి పట్టించినాయన రాల్ఫ్ బాక్స్టర్. స్వయంగా లాయరు. 1990 నుంచి 2013 దాకా ఆ సంస్థకి ఛైర్మన్‌గా ఉన్నాడు. కిటుకంతా ఆ ఇరవై మూడేళ్ళలోనే ఉందని నా అభిప్రాయం. రెండు మూడేళ్ళలో మళ్ళీ ఎన్నికకి నిలబడవలసిన మనిషి, ఐదేళ్ళకి గాని ఫలించని పని కోసం తన ఓట్లు పణంగా పెట్టడు. సెయింట్ లూయిస్‌లోని బ్రయన్ కేవ్‌ది ఇంకో దారి. అక్కడ జాన్ ఆల్బర్ అనే లాయరు, పార్ట్‌నర్ హోదాలోనే ఏళ్ళ తరబడి టెక్నాలజీ బాధ్యత చూశాడు. అలాంటి మనిషికి 5.4తో పేచీ లేదు.

లోపల నాయకుడు లేనిచోట బయటివాళ్ళు ఆ పని చేశారు. 1992లో డుపాంట్ కంపెనీ తనకి పనిచేసే లా ఫర్మ్‌లని మూడు వందల పైచిలుకు నుంచి కొన్ని పదులకి తగ్గించి, మిగిలినవాళ్ళు తమతో కలిసి ఒకే రకం టెక్నాలజీ వాడాలని షరతు పెట్టింది. ఫెడరల్ కోర్టుల్లో 1996లో ఉత్తర ఓహయోలో ఆస్‌బెస్టాస్ కేసులతో మొదలైన ఎలక్ట్రానిక్ ఫైలింగ్ క్రమంగా దేశమంతా వ్యాపించింది. మన హెచ్-1బి రిజిస్ట్రేషన్ 2020 మార్చి నుంచి ఆన్‌లైన్‌కి మారినప్పుడు ఏ పార్ట్‌నర్ అభిప్రాయమూ ఎవరూ అడగలేదు. కాకపోతే, బలవంతం మీద వచ్చిన మార్పు బలవంతం ఉన్నంతవరకే. పాస్‌వర్డు పారాలీగల్‌కి ఇచ్చేసి తను మాత్రం కాగితం ప్రింట్లే చదువుకునే పెద్దమనిషి మీకూ తగిలే ఉంటాడు.

ఇప్పుడు వంతు ఏఐది. 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, ఏవియాంకా విమాన సంస్థ మీద వేసిన కేసులో, చాట్‌జీపీటీ కల్పించిన తీర్పుల్ని నిజమని సమర్పించిన ఇద్దరు లాయర్లకీ వాళ్ళ ఫర్మ్‌కీ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. దాంతో నిషేధించి ఊరుకోవడం చాలామందికి తేలికైన దారిగా కనిపించింది. నిషేధమంటే కుర్రవాళ్ళు ఇంటి దగ్గర సొంత లాప్‌టాప్‌లో వాడటమేనని మనకి తెలియనిది కాదు.

బోస్టన్‌లో పుట్టిన రోప్స్ అండ్ గ్రే 2025లో మరోలా ఆలోచించింది. మొదటి ఏడు అసోసియేట్లు ఏడాదికి చూపించవలసిన 1,900 గంటల్లో ఐదోవంతు దాకా ఏఐ నేర్చుకోవడానికి వాడుకోవచ్చని, ఆ గంటలు కూడా లెక్కలోకే వస్తాయని చెప్పింది. ఆ గంటలకి క్లయింటు డబ్బివ్వడు. ఆ మేరకి నష్టం పార్ట్‌నర్లదే. అందుకే ఈమధ్య కొత్త ఫర్మ్‌కి వెళితే సర్వర్లూ లైసెన్సులూ తరవాత చూద్దామని, ఏఐ నేర్చుకున్న గంటలు రాసుకోవడానికి టైమ్‌షీట్‌లో కోడ్ ఉందా అని ముందు అడుగుతున్నాను. ఆ ప్రశ్నకి చాలాసార్లు సీఐఓ నవ్వి, పైఅంతస్తు వైపు చూపిస్తాడు.